బఫే తెరిచాక మన మాట ఎవరు వింటారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. కంపెనీల ఫంక్షన్లలో మమ్మల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు, పదిమందిలో మేం గుర్తుండాలంటే ఏం చెయ్యాలి అని. నేను పాతికేళ్లకు పైగా మిమిక్రీ చేస్తున్నాను. అందులో ముప్పావు భాగం హోటళ్ల బాంక్వెట్ హాళ్లలోనే గడిచిపోయింది. అందుకని ఈసారి సినిమా ప్రశ్నలు, టీవీ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మొహమాటం లేకుండా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

*

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. ఎనభై గొంతులు చేస్తాను. కాలేజీ ఫెస్టుల్లో ఈలలే ఈలలు. మొన్న హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యాన్యువల్ డేలో పావుగంట చేస్తే ముందు వరుసలో వాళ్లు కూడా ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంకా గొంతులు పెంచాలా? వేరేగా కనిపించాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ఎనభై చాలు. అందులో అరవై తీసేసినా నీకు నష్టం లేదు.

కాలేజీ ఫెస్టుకు పిల్లలు నీ కోసం వస్తారు. కంపెనీ ఫంక్షన్‌కు నీ కోసం ఒక్కడూ రాడు. ఒకాయన అవార్డు కోసం వస్తాడు, ఒకాయన బాస్ కంట్లో పడదామని వస్తాడు, మిగతావాళ్లు భోజనం చేసి క్యాబ్ దొరికేలోపు ఇంటికి పోదామని వస్తారు. పైగా గచ్చిబౌలిలో, రాయదుర్గంలో హాలు నిండా తెలుగువాళ్లే ఉంటారనుకోకు. ఒడిశా అబ్బాయి, కోల్‌కతా అమ్మాయి, పుణె నుంచి వచ్చిన మేనేజరు ఉంటారు. నువ్వు ప్రాణం పెట్టి ఎన్టీఆర్ డైలాగు చెబితే వాళ్లకు అది ఎవరో ఎవరి మీదో కోప్పడుతున్నట్టు వినిపిస్తుంది.

నేనూ ఆ దెబ్బ తిన్నవాణ్నే. విజయవాడలో ఒక సిమెంటు కంపెనీ డీలర్ల మీట్. నా స్లాట్ ఎనిమిదిన్నరకు అన్నారు. డైరెక్టర్ల ప్రసంగాలు, అమ్మకాల స్లైడ్లు, బ్యాంకాక్ ట్రిప్ గెలిచినవాళ్ల పేర్లు అన్నీ అయ్యేసరికి తొమ్మిదీ నలభై. నేను మైకు తీసుకోవడానికి అయిదు నిమిషాల ముందు వెనకాల బఫే మూతలు తీశారు. చేపల పులుసు వాసన స్టేజీ దాకా వచ్చింది. నేను గొంతు సవరించుకుని మొదటి డైలాగు అందుకున్నాను. మూడు వందల మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒక్క క్షణం నా గుండె పొంగింది, నా కోసమే లేచారనుకున్నాను. వాళ్లు లేచింది ప్లేట్ల కోసం.

ఆ రాత్రి బస్సులో హైదరాబాద్ వస్తూ తిట్టుకోని మనిషి లేడు. మూడు నెలల తర్వాత రాజమండ్రిలో మళ్లీ అలాంటి మీటే వచ్చింది. కంపెనీ వేరు, డీలర్లు వేరు, బఫే మాత్రం అదే. ఈసారి సాయంత్రం షోకి మధ్యాహ్నమే వెళ్లాను. పేర్లు రాసుకుని బ్యాగులు, బ్యాడ్జీలు ఇచ్చే బల్ల ఉంటుంది కదా, ఆ వరుసలో ఊరికే నిలబడ్డాను. నా ముందున్న డీలరు ఫోన్లో అరుస్తున్నాడు: "బండి బయలుదేరిందంటావు, మళ్లీ లోడింగ్ అవుతోందంటావు. రెండూ ఒకేసారి ఎలా అవుతాయయ్యా?" ఆయన ఫోన్ పెట్టేశాక అడిగాను, ఎవరండీ అని. "ఇంకెవరు, డిస్పాచ్ వాళ్లు. ఈ కంపెనీలో బండి ఎప్పుడూ బయలుదేరే ఉంటుంది, ఎప్పటికీ రాదు" అన్నాడు. వెనకాల ఉన్న నలుగురూ నవ్వారు. వాళ్ల నవ్వు చూస్తే అర్థమైంది, ఇది ఒక్కడి బాధ కాదని.

రాత్రి నా వంతు వచ్చింది. బఫే మామూలుగానే తెరిచారు. నేను డైలాగులేవీ అందుకోలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండు గొంతులతో మొదలుపెట్టాను.

"సార్, మీ బండి బయలుదేరింది సార్."

"ఎక్కడిదాకా వచ్చింది?"

"ఇక్కడే సార్, ఫ్యాక్టరీలోనే. టార్పాలిన్ కడుతున్నారు."

"కట్టేశారా?"

"కట్టడమే కట్టేశారు సార్. లోపల సరుకు ఎక్కించాలి."

అప్పుడు లారీ సెల్ఫు కొట్టాను నోటితో. ఒకసారి అందుకోలేదు. రెండోసారి అందుకోలేదు. మూడోసారి అందుకుని ఆగిపోయింది. "డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు సార్" అన్నాను. ఈలోపు హాలంతా తలలు తిప్పి మూడో టేబుల్ దగ్గరున్న ఒకాయన్ని చూస్తోంది. ఆయనే డిస్పాచ్ మేనేజరట, నాకు తెలియదు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత నవ్వు ఆపుకోలేక రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టేశాడు. బఫే దగ్గర పెరుగన్నం కలుపుతున్న ఒక పెద్దాయన చెంచా అలాగే గాల్లో పట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడిపోయాడు. నాకు ఆ షోలో చప్పట్లు గుర్తులేవు, ఆ చెంచా గుర్తుంది.

మొత్తం పది నిమిషాల్లో ఒక్క హీరో గొంతు కూడా లేదు. భోజనాల దగ్గర డిస్పాచ్ ఆయన వచ్చి, "ఇక ఈ ఏడాదంతా ఆ మాట నేను ఫోన్లో అనలేను గురువుగారూ" అన్నాడు. మరుసటి ఏడాది నన్ను పిలవమని పట్టుబట్టింది కూడా ఆయనేనట.

నీ ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది తమ్ముడూ. నీ ఎనభై గొంతులు ఎక్కడైనా పనికొస్తాయి, అందుకే ఎవరికీ గుర్తుండవు. ఆ కంపెనీలో తప్ప ఇంకెక్కడా పేలని అయిదు నిమిషాలు తయారు చెయ్యి. షో ఒప్పుకున్న రోజే అడుగు, మీ ఆఫీసులో పాతకాపు ఎవరైనా ఉంటే పది నిమిషాలు ఫోన్లో మాట్లాడించండి అని. హెచ్‌ఆర్ వాళ్లతో మాట్లాడితే కంపెనీ విలువలు చెబుతారు, మనకు అవి వద్దు. అడ్మిన్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాయన, సెక్యూరిటీ సూపర్‌వైజరు, రిసెప్షన్ అమ్మాయి — వీళ్లు కావాలి. రోజుకు వందసార్లు వినబడే మాట ఏంటి? ఎప్పుడూ చెడిపోయే వస్తువు ఏంటి? జోకు వెయ్యకూడని విషయం ఏంటి? మూడోది తప్పకుండా అడుగు. గత నెలే యాభై మందిని తీసేసిన కంపెనీలో నువ్వు ఉద్యోగం ఊడటం మీద జోకు వేస్తే స్టేజీ దిగే దారి కూడా కనబడదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే నీకు గొంతులకంటే చప్పుళ్లు ఎక్కువ పనికొస్తాయి. గేటు దగ్గర కార్డు ఒప్పుకోని బీప్, లిఫ్టులో ఆడమనిషి గొంతు, మీటింగులో మ్యూట్ తియ్యడం మర్చిపోయి పెదాలు కదుపుతున్న మనిషి, వెనకాల కుక్కర్ విజిల్. వీటికి భాష అక్కర్లేదు, ఒడిశా అబ్బాయి కూడా నవ్వుతాడు. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారినే తీసుకో. ఆయన మనుషుల గొంతులతో ఆగిపోలేదు. హాలీవుడ్ సినిమా సన్నివేశాన్ని సంగీతంతో, చప్పుళ్లతో సహా ఒక్క నోటితో వినిపించేవారు. తెలుగు రాని దేశాల్లోనూ ఆయన నిలబడ్డారంటే, ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారంటే అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. 2001లో పద్మశ్రీ ఇచ్చారు. డిసెంబరు 28 ఆయన పుట్టినరోజు. ఆ రోజున మన మిమిక్రీ వాళ్లంతా చేరి గొంతులే చేస్తాం, చప్పుళ్లు చేసేవాళ్లు తక్కువ.

ఇంకో రెండు పని మాటలు. ఒకటి మైకు. ఈవెంట్ వాళ్లు చూడ్డానికి బాగుంటుందని కాలర్ మైకు తగిలిస్తారు. వద్దను. మన పని సగం ఊపిరితో, పెదాలతో. మైకు దగ్గరికి తెస్తే గొంతు బరువెక్కాలి, దూరం జరిపితే పలచబడాలి. ఛాతీ మీద క్లిప్పుతో అది కుదరదు. చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకు కావాలని ముందే రాసి పంపు. నేనైతే నా షూర్ ఎస్‌ఎం 58 నేనే సంచిలో పట్టుకెళ్తాను. వైరుదే, పాతదే. సౌండ్ చూసే అబ్బాయిని పేరు పెట్టి పిలువు, టీ తాగావా అని అడుగు. షో మధ్యలో నిన్ను కాపాడేది అతనే, హాలు బుక్ చేసిన వైస్ ప్రెసిడెంటు కాదు.

రెండోది టైము. పావుగంట ఐటమ్ ఒప్పుకుంటే దానిదే ఎనిమిది నిమిషాల రూపం, నాలుగు నిమిషాల రూపం కూడా జేబులో ఉండాలి. శామీర్‌పేట వైపు రిసార్టుల్లో, శంషాబాద్ దగ్గర ఫామ్‌హౌసుల్లో ఆరుబయట షోలు పెడతారు. రాత్రి పది దాటితే బయట లౌడ్ స్పీకర్లు కట్టెయ్యాలి, అది చట్టం. ప్రసంగాలు ఎంత సాగినా పది మాత్రం పదికే అవుతుంది. కోత పడేది ఎప్పుడూ మన దాంట్లోనే. "నాలుగు నిమిషాలే ఉంది అన్నా" అని ఈవెంట్ కుర్రాడు ఏడుపు మొహంతో వస్తే, "సరే తమ్ముడూ, నాలుగు నిమిషాల్లో దిగుతా" అని నిజంగా నాలుగు నిమిషాల్లో దిగినవాడి నంబరు అతని ఫోన్లో ఉండిపోతుంది. నా షోల్లో చాలా భాగం అలాంటి కుర్రాళ్ల ఫోన్ల నుంచే వచ్చాయి.

*

ప్రశ్న: సార్, నాకు ఇరవై నాలుగేళ్లు, విజయవాడలో ఈవెంట్లకు యాంకరింగ్ చేస్తాను. ఎవరు ఫోన్ చేసినా ఫోటో పంపమంటారు, చీర కడతారా గౌను వేస్తారా అంటారు. మాట ఎలా ఉంటుందో అడిగినవాళ్లు లేరు. అందం చూసి పిలిచే చోట మాటతో పేరు తెచ్చుకోవడం సాధ్యమా?

జవాబు: సాధ్యమేనమ్మా. దానికి దగ్గరి దారి పేర్లు. నీ పేరు కాదు, వాళ్ల పేర్లు.

కంపెనీ ఫంక్షన్లో యాంకరు ఎక్కువసేపు చదివేది అవార్డుల జాబితానే. పాతికేళ్లు సర్వీసు చేసిన మనిషి స్టేజీ మీద తన పేరు వినడం అదే మొదటిసారి కావచ్చు. ఫ్యామిలీ డే అయితే కింద ఆయన భార్య ఫోన్లో వీడియో తీస్తూ ఉంటుంది, పల్లె నుంచి వచ్చిన తల్లి కూర్చుని ఉంటుంది. ఆ క్షణంలో "మిస్టర్ డండాపని" అని పిలిచింది ఒక యాంకరు. ఆయన పేరు దండపాణి. ఆయన లేవలేదు, వేరే ఎవరినో అనుకున్నాడు. పక్కవాళ్లు తోస్తే లేచాడు. ఆ వీడియోలో ఇప్పటికీ ఆయన డండాపనే.

జాబితా ఇంగ్లిష్‌లో వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తకు, టకు తేడా లేదు, నకు, ణకు తేడా లేదు, దీర్ఘాలు అసలే తెలియవు. మన దగ్గర మంచి సాధనం ఉండగా ఆ అక్షరాలు పట్టుకుని ఎందుకు వేలాడాలి? కార్డుల మీద పేర్లన్నీ తెలుగులో రాసుకో. గంట ముందు వెళ్లి అవార్డులు తీసుకునేవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ నువ్వే వెళ్లి, "మీ పేరు మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలా ఒకసారి చెప్పండి" అని అడిగి, విన్నది విన్నట్టు తెలుగులో దిద్దుకో. నువ్వు సౌమిక్ అని చదవబోయే బెంగాలీ అబ్బాయి తనను తాను శౌమిక్ అనుకుంటాడు. నువ్వు అలా పిలిచినప్పుడు అతని మొహం చూడు. తమిళుల ఴకు (ఇంగ్లిష్‌లో zh అని రాసేదానికి) మన లిపిలో పూర్తి న్యాయం జరగదు కానీ ఇంగ్లిష్ కంటే నయమే. నలభై పేర్లు తప్పు లేకుండా పిలిచిన యాంకరును హెచ్‌ఆర్ వాళ్లు మర్చిపోరు, ఎందుకంటే తప్పు పిలిస్తే మర్నాడు ఫిర్యాదులు వచ్చేది వాళ్లకే.

ఇంకొకటి, చప్పట్లు అడుక్కోవడం మానెయ్. "ఎనర్జీ సరిపోలేదు, ఇంకోసారి గట్టిగా" అని మూడుసార్లు అంటే జనం నీ మీద జాలితో కొడతారు. బడి పిల్లలు కాదు కదా వాళ్లు.

చీర సంగతికొస్తే, అడిగినవాళ్లను తప్పుపట్టకుండా నువ్వే ఎదురు అడుగు, "వెనకాల ఎల్‌ఈడీ తెర ఏ రంగండీ" అని. నీలం తెర ముందు నీలం చీర కడితే ఫోటోల్లో నీ తల ఒక్కటే తేలుతుంది. ఇక ముఖ్యమైన మాట. రాత్రి తిరిగి వెళ్లడానికి కారు, తలుపుకు గడియ ఉన్న గది — ఈ రెండూ డబ్బుల సంగతితో పాటు మెయిల్లో రాయించుకో. మాటల్లో కాదు, మెయిల్లో. అది అడిగితే పని పోతుందేమోనని భయపడకు. అది ఇవ్వనివాళ్ల పని పోయినా పరవాలేదు.

*

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. పన్నెండు మందిమి ఒగ్గు డోలు కొడతాం. పెద్ద పెద్ద కంపెనీల ఫంక్షన్లకు పిలుస్తున్నరు గానీ గేటు కాడ నిలబెట్టి వచ్చిన ప్రతి కారుకు కొట్టుమంటరు. నాలుగు గంటలు. లోపలికి రానియ్యరు. మా కళ లోపట చూపియ్యాలంటే ఏం చెయ్యాలె అన్నా?

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను లోపల ఏసీలో మిమిక్రీ చేసి బయటికి వస్తుంటే, గేటు దగ్గర ముఖాల మీద పసుపు చెమటకు కారిపోతూ నిలబడ్డ మీలాంటివాళ్లను ఎన్నిసార్లు చూశానో. పూలకుండీలకూ వాళ్లకూ ఈవెంట్ వాళ్ల లెక్కలో తేడా ఉండదు. రెండూ డెకరేషన్ ఖాతాలోనే పడతాయి.

ఆ ఖాతా నుంచి బయటపడాలంటే, వాళ్లు అడిగింది కాదని గొడవ పడొద్దు. వాళ్లు అడగనిది ఒకటి మీరే ముందు పెట్టండి. నేను ఒక బృందానికి చెప్పి చూశాను, పనిచేసింది. ముఖ్య అతిథిని లోపలికి తీసుకొచ్చే పని మేం చేస్తాం అనండి. హాల్లో లైట్లు తీసేస్తారు. వెనక తలుపుల దగ్గర ఒక్క డోలు మొదలవుతుంది. తర్వాత రెండు, తర్వాత ఆరు. జనం వెనక్కి తిరుగుతారు. మీరు ముందు నడుస్తుంటే వాళ్ల ఎండీ మీ వెనకాల వస్తాడు. ఏ ఎండీ ఆ నడక వద్దంటాడు? స్టేజీ ఎక్కాక నాలుగు నిమిషాలు మీవి. అప్పటికే మీరు లోపల ఉన్నారు, ఇక ఎవరూ గెంటరు. ఈ ఐటమ్‌కు రేటు వేరే చెప్పండి. గేటు దగ్గర కూడా కావాలంటే ఇరవై నిమిషాలు కొట్టి ఇరవై నిమిషాలు కూర్చుంటాం అనండి.

లోపలికి వెళ్లే ముందు కొన్ని చూసుకోవాలి. పన్నెండు డోళ్లు మూసిన హాల్లో ఒక్కసారి కొడితే ముందు వరుస చెవులు మూసుకుంటుంది, ఆరు చాలు. మీరు ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసం ఉంటే పైకప్పు ఎత్తు, వేలాడే దీపాలు పగలే వెళ్లి చూడండి. తివాచీ మీద ఒట్టి కాళ్లతో గిరగిరా తిరిగితే జారుతుంది, ఒకసారి తొక్కి చూసుకోండి.

ఆట మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం మీలో ఒకరు మాట్లాడాలి. ఒగ్గు అంటే శివుడి డమరుకమని, కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ఇంటి నుంచి వచ్చామని, మీ యాసలోనే చెప్పండి. యాంకరు చదివే ఇంగ్లిష్ పరిచయం కంటే అది పదింతలు నిలుస్తుంది. చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథను ఊరూరి నుంచి పెద్ద వేదికల దాకా తీసుకెళ్లారంటే డోలు ఒక్కటే కాదు, మాట కూడా. అయితే మల్లన్న కథను మందు గ్లాసుల మధ్య ముక్కలుగా చెప్పమంటే మాత్రం వద్దనండి. డోలు విన్యాసం వేరు, కథ వేరు. ఇది నా అభిప్రాయం, మీ కులపెద్దల మాట నాకంటే పెద్దది.

డబ్బు సంగతి ఒకటి. జీఎస్టీ నంబరు లేకపోతే మీకు పని ఇవ్వలేమని మధ్యవర్తులు అంటుంటారు, ఆ పేరు చెప్పి తమ కమీషను పెంచుకుంటారు. జానపద, శాస్త్రీయ సంగీత నృత్య నాటక కళాకారులకు ఒక ప్రదర్శన ఫీజు 1.5 లక్షల రూపాయలు మించకపోతే దాని మీద జీఎస్టీ లేదు. ఊళ్లో చదువుకున్న పిల్లవాడితో ఈ మాట ఒక కాగితం మీద రాయించి జేబులో పెట్టుకోండి.

*

ప్రశ్న: విశాఖలో డాన్స్ ట్రూప్ నడుపుతున్నాను. ఎనిమిది మంది పిల్లలు. షో అయ్యాక పేమెంట్ కోసం మూడు నెలలు తిరగాల్సి వస్తోంది. గట్టిగా అడిగితే మళ్లీ పిలవరేమోనని టెన్షన్. రేటు తగ్గిస్తే తొందరగా ఇస్తారా? పెళ్లిళ్లు లేని ఖాళీ రోజుల్లో ఏం చెయ్యాలి?

జవాబు: రేటు తగ్గిస్తే తక్కువ డబ్బు అదే మూడు నెలలకు వస్తుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు చేయించుకోండి. ఆన్‌లైన్లో ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు. చిన్న వ్యాపారంగా నమోదయ్యాక, మీకు పని ఇచ్చినవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే వడ్డీ కట్టాలి, అదీ రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిస్తే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేకపోవచ్చు. అందుకే మార్చి వచ్చేసరికి కంపెనీల అకౌంట్స్ వాళ్లు ఉద్యమ్ నంబరున్న బిల్లులను వెతికి మరీ క్లియర్ చేస్తున్నారు. షో చేశాక నమోదు చేసుకుంటే పాత బాకీకి పనిచెయ్యకపోవచ్చు, ముందే చేయించుకోవాలి. బిల్లు మీద ఆ నంబరు వేసి పంపండి, గట్టిగా అడగాల్సిన పని సగం ఆ నంబరే చేస్తుంది. అయినా ఇవ్వకపోతే ఇందుకోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ నిజం చెప్పాలంటే, ఫిర్యాదు చేసిన క్లయింటు మళ్లీ పిలుస్తాడని ఆశ పెట్టుకోవద్దు.

నేను మాత్రం సగం అడ్వాన్సు పడకుండా బస్సెక్కను. మా ఆవిడ పెట్టిన రూలు ఇది. ఒకసారి ఒక ఏజెన్సీ ఎగ్గొట్టాక పెట్టింది.

వృత్తి ఫీజు కింద ఇచ్చేదానిలో పది శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటే అది పోయినట్టు కాదు. మీ పాన్ మీద పడుతుంది, రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. మన కళాకారుల్లో సగం మంది రిటర్ను వెయ్యక ఆ డబ్బు వదిలేస్తున్నారు.

డాన్స్ వాళ్లు ఇంకో విషయం మర్చిపోతారు. పెళ్లిళ్లలో పాటలు వేసినట్టు కంపెనీ ఫంక్షన్లో వెయ్యడం కుదరదు. పెళ్లి వేడుకలకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, కంపెనీ పార్టీలకు లేదు. పాటల లైసెన్సు తీసుకునే బాధ్యత నిర్వాహకులదే అని మీ కొటేషన్లో ఒక వాక్యం చేర్చండి. షో మధ్యలో ఎవరో వచ్చి లైసెన్సు చూపించమంటే అందరూ మీ వైపు చూడకుండా ఉంటారు.

ఖాళీ రోజుల గురించి కూడా అడిగారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, అంటే హాళ్లు ఖాళీ. కంపెనీలకు మూఢం, ఆషాఢం పట్టవు. చవగ్గా హాలు దొరికిందని అప్పుడే మీటింగులు పెట్టుకునేవాళ్లున్నారు. పెళ్లిళ్ల ట్రూపులన్నీ ఇంట్లో కూర్చున్న నెలలో మీరు నాలుగు కంపెనీలకు ఫోన్ చెయ్యండి.

*

ప్రశ్న: నేను ఐటీ ఉద్యోగిని, శని ఆదివారాలు స్టాండప్ చేస్తాను. కంపెనీ షోల్లో బాస్ మీద జోకులు వెయ్యొచ్చా?

జవాబు: బాస్‌కు ముందే చెప్పి వెయ్యండి. పొట్ట, బట్టతల, భార్య, యాస, కులం, ఆడవాళ్ల బట్టలు — వీటి జోలికి వెళ్లొద్దు. స్లైడ్లు ఎక్కువ పెట్టడం, "ఒక్క అయిదు నిమిషాలు" అని గంట మాట్లాడటం, ఆదివారం మెయిల్ పంపి "అర్జెంటేం కాదు" అనడం — ఇవి వేసుకోండి, తన మీద వేసినా ఆయనే ముందు నవ్వుతాడు. మీ సొంత కంపెనీలో మాత్రం అప్రైజల్ అయ్యేదాకా ఆగండి.

*

ప్రశ్న: షో అడిగిన ప్రతివాళ్లూ వీడియో పంపమంటారు. మా వీడియోలు చూస్తే మాకే బాగోవు. మంచి కెమెరామన్‌ను పెట్టుకోవాలా? — మేజిక్ చేసే అన్నదమ్ములు, కర్నూలు

జవాబు: వద్దు. డ్రోన్లు, స్లో మోషన్లు, వెనకాల సినిమా మ్యూజిక్ పెట్టి చేసిన వీడియోలు వాళ్ల దగ్గరికి రోజుకు పది వస్తాయి. అన్నిట్లో పొగ వస్తుంది, అందరూ చేతులు చాపుతారు. మీ షో కొనేవాడికి కావాల్సింది మీరు కాదు, జనం. తన కంపెనీ వాళ్లు నవ్వుతారా, నోరు తెరుచుకుని చూస్తారా అన్నది అతని భయం.

అందుకని ఒక ఫోన్ స్టేజీ వైపు పెట్టండి, ఇంకో ఫోన్ జనం మొహాల వైపు పెట్టండి. రెండోది జనం మధ్యలో ఉండాలి, వాళ్ల నవ్వు వినబడాలి. సౌండ్ బోర్డు నుంచి నేరుగా తీసుకుంటే మీ గొంతు శుభ్రంగా వస్తుంది గానీ నవ్వు ఒక్కటీ రాదు, శవయాత్రలో మేజిక్ చేసినట్టుంటుంది. పేక ముక్క మాయమైనప్పుడు మూడో వరుసలో ఒక అకౌంటెంటు పక్కవాడి చొక్కా పట్టుకుని లాగిన ఆ రెండు క్షణాలు దొరికితే చాలు, అదే ముందు పెట్టండి. ఒకటిన్నర నిమిషం మించొద్దు. అందులో కనబడే కంపెనీ వాళ్ల అనుమతి తీసుకోండి, కొన్ని ఆఫీసులు లోపలి వీడియోలు బయట పెట్టనివ్వవు.

ఫోన్ ఛార్జింగు మాత్రం ముందే చూసుకోండి. రాజమండ్రి షో చెప్పాను కదా, లారీ సెల్ఫు కొట్టింది, చెంచా గాల్లో ఆగింది. దాన్ని మా బావమరిది వీడియో తీశాడు. డిస్పాచ్ ఆయన వైపు జనం తలలు తిప్పుతుండగా బ్యాటరీ అయిపోయింది. అక్కడి నుంచి అంతా మీరు నా మాట మీదే నమ్మాలి.